చిన్న ఊళ్ళో మున్సిపల్ కుళాయి నీళ్ళు తాగొచ్చా? మా గోదావరి జిల్లా అనుభవం

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్ నుంచి బదిలీ మీద పశ్చిమ గోదావరిలో ఒక చిన్న మున్సిపాలిటీకి వస్తున్నారు, ఇంట్లో ఏడాది నిండని బాబు ఉన్నాడు, అక్కడ కుళాయి నీళ్ళు తాగొచ్చా, ఆర్వో మిషన్ కొనాలా, లేక వాటర్ టిన్నులు వేయించుకోవాలా అని. నేను పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఆ జిల్లాలోనే అలాంటి ఊళ్ళో కాపురం ఉంటున్నాను. మా పిల్లలు మున్సిపల్ నీళ్ళతోనే పెరిగారు. నా సలహా ఏమిటంటే కుళాయి నీళ్ళే కాచి తాగండి, ఆర్వోకి తొందరపడకండి, టిన్నుల్ని గుడ్డిగా నమ్మకండి. ఎందుకంటున్నానో కొంచెం వివరంగా చెబుతాను.

డెల్టాలో సముద్రానికి దగ్గరవుతున్న కొద్దీ బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. అందుకే ఇక్కడి ఊళ్ళు చాలావరకు గోదావరి కాలువ మీదే ఆధారపడతాయి. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీరు కాలువల్లో పారి వచ్చి మున్సిపాలిటీ వాళ్ళ మంచినీళ్ళ చెరువులోకి ఎక్కుతుంది. చెరువు నుంచి తీసిన నీళ్ళకి పటిక కలిపి తేరుస్తారు, ఇసుక ఫిల్టర్ బెడ్లలోంచి పోనిస్తారు, క్లోరిన్ కలిపి ఓవర్‌హెడ్ ట్యాంకుకి ఎక్కిస్తారు. ఇందులో కొత్త టెక్నాలజీ ఏమీ లేదు. చెప్పినట్టు చేస్తే పనిచేసే పద్ధతే.

నీళ్ళ రంగు, వాసన ఏడాది పొడుగునా ఒకేలా ఉండవు, వచ్చిన కొత్తలో కంగారు పడతారని చెబుతున్నాను. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు. జూన్‌లో మళ్ళీ వదిలేదాకా చెరువులో నిలవున్న నీళ్ళే దిక్కు. మే నెలాఖరుకి చెరువు అడుగంటుతుంది, నీళ్ళు కాస్త పచ్చగా, నాచు వాసనతో వస్తాయి. కాలువ వదిలాక మొదటి నీళ్ళు చెత్తా చెదారం మోసుకొస్తాయి. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగితే ఎర్రనీళ్ళు. బురద ఎక్కువైనప్పుడు క్లోరిన్ సరిగ్గా పనిచేయదు, సూక్ష్మజీవులు ఆ మట్టి రేణువుల చాటున తప్పించుకుంటాయి. అందుకే తాగునీటికి మన దేశం పెట్టుకున్న ఐఎస్ 10500 ప్రమాణంలో నీటి మసక 1 ఎన్‌టీయూ (మసకని కొలిచే లెక్క) దాటకూడదని, వేరే గతి లేనప్పుడు 5 దాకా ఓర్చుకోవచ్చని ఉంది. మా అత్తగారు ఆ రోజుల్లో చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపేవారు, తెల్లారేసరికి మట్టంతా అడుక్కి దిగేది. నీళ్ళు తేటపడతాయి నిజమే, కానీ తేటపడ్డంత మాత్రాన క్రిములు చచ్చినట్టు లెక్క కాదు. ఆవిడ కాచి చల్లార్చడం కూడా మానేవారు కాదు లెండి.

ఇక అసలు సంగతి. ఫిల్టర్ బెడ్ల దగ్గర బాగానే ఉన్న నీళ్ళు మీ ఇంటికి వచ్చే దారిలో పాడవుతాయి. కుళాయి పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు వస్తుంది, మిగతా రోజంతా పైపు ఖాళీగా ఉంటుంది. నీళ్ళు ఒత్తిడితో పారుతున్నంతసేపూ పైపుకి చిల్లున్నా నీరు బయటికే కారుతుంది. సప్లై ఆపగానే ఆ ఒత్తిడి పోతుంది. చుట్టూ చేరిన మురుగు అదే చిల్లులోంచి లోపలికి దిగుతుంది. మర్నాడు పొద్దున కుళాయి తిప్పగానే ముందు వచ్చేది ఆ నీళ్ళే. దానికి తోడు మోటార్లు. కుళాయి పైపుకే నేరుగా మోటారు బిగించి లాగితే, సప్లై ఉన్న టైములో కూడా లైన్లో ఒత్తిడి పడిపోయి పక్కనున్న మురుగుని లాక్కుంటుంది. మున్సిపాలిటీ వాళ్ళు అప్పుడప్పుడూ వచ్చి మోటార్లు పట్టుకెళ్తారు, వాళ్ళు వీధి చివరికి వెళ్ళేలోపు పక్కింటాయన కొత్త మోటారు బేరం మొదలెడతాడు.

మా వీధిలో ఒక వర్షాకాలం ఇలాగే నాలుగైదు ఇళ్ళలో వరసగా వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అందరూ ముందు ట్యాంకుని తిట్టారు, తర్వాత బజ్జీల బండిని తిట్టారు. ఆఫీసు చుట్టూ తిరగ్గా తిరగ్గా ఫిట్టర్ వచ్చి, తవ్వి చూసి, "మెయిన్ లైను శుభ్రంగానే ఉందండి మేడంగారూ, మీ ఇళ్ళకి వేసిన పైపులే సైడు కాలవలో ఈదుకుంటూ వెళ్తున్నాయండి" అన్నాడు. నిజంగానే పాత ఇనుప పైపులు మురుక్కాలవ అడుగు నుంచే ఇళ్ళలోకి వెళ్తున్నాయి, ఒకచోట తుప్పు పట్టి చేత్తో ముట్టుకుంటే రాలిపోయేలా ఉంది. పైపులు మార్చి కాలవ పైనుంచి తిప్పాక ఆ గోల ఆగింది. రోడ్డు తవ్వే పని మున్సిపాలిటీదే అయినా, మా ఇళ్ళకి వచ్చే పైపుల ఖర్చు మేమే పెట్టుకున్నాం. దాని మీద కొన్ని ఇళ్ళకి ఇప్పటికీ మాటల్లేవు, అది వేరే కథ.

ఇది చిన్న ఊళ్ళకే పరిమితం అనుకోకండి. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట ప్రాంతంలో తాగునీటిలో డ్రైనేజీ కలిసి అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్ల కూడా అతిసారంతోనే వార్తల్లోకెక్కింది.

ఈ దారిలో మనకి కాపలా ఏదైనా ఉందంటే అది నీళ్ళలో మిగిలిన క్లోరినే. కుళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని ప్రమాణం. "నీళ్ళు మందు వాసన వస్తున్నాయి" అని ఫిర్యాదు చేసేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. వర్షాకాలంలో ఆ వాసన రాకపోతేనే నాకు టెన్షన్. ట్యాంకుకి దూరంగా, లైను చివర ఉన్న ఇళ్ళకి క్లోరిన్ దాదాపు ఉండదు. వాటర్ సప్లై వాళ్ళ దగ్గర, హెల్త్ వాళ్ళ దగ్గర క్లోరోస్కోప్ అని చిన్న పెట్టె ఉంటుంది. గొట్టంలో మన కుళాయి నీళ్ళు పట్టి రెండు చుక్కల మందు వేస్తే క్లోరిన్ ఉన్నదాన్ని బట్టి పసుపు రంగు తేలుతుంది. అడిగితే మీ ఎదురుగానే చేసి చూపిస్తారు, అడగండి, మొహమాటం వద్దు.

ఆర్వో సంగతి. మీరు ఇల్లు మారిన వారంలోపు ఒక సేల్స్ కుర్రాడు తలుపు తడతాడు. రెండు గ్లాసుల్లో నీళ్ళు పోసి, ఒకటి మీ కుళాయివి, ఒకటి వాళ్ళ మిషన్‌వి, కరెంటు కడ్డీలున్న పరికరం పెడతాడు. నిమిషంలో మీ నీళ్ళు గోధుమరంగులోకి తిరిగి పైన తెట్టు కడుతుంది, వాళ్ళవి అలాగే ఉంటాయి. "ఈ విషాన్నా మేడం మీరు పిల్లలకి పట్టేది?" అంటాడు. ఆ రంగు మీ నీళ్ళలోది కాదు, కడ్డీలోది. అది ఇనుప కడ్డీ. లవణాలున్న నీళ్ళలో కరెంటు బాగా పారుతుంది కాబట్టి ఇనుము కరిగి తుప్పు రంగు వస్తుంది. లవణాలన్నీ తీసేసిన నీళ్ళలో కరెంటు పెద్దగా పారదు కాబట్టి ఏమీ కాదు. ఈసారి వచ్చినప్పుడు ఆర్వో నీళ్ళలో చిటికెడు ఉప్పు వేసి మళ్ళీ పెట్టమనండి, అవీ గోధుమరంగే అవుతాయి. మా ఇంట్లో అలా అడిగాక ఆ అబ్బాయి టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

అతని రెండో ఆయుధం టీడీఎస్ మీటర్. నీళ్ళలో కరిగిన లవణాలు ఎన్నో చెబుతుంది, అంతే. మురుగు కలిసిందో లేదో, క్రిములు ఉన్నాయో లేదో దానికి తెలియదు. ప్రమాణం ప్రకారం లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా మంచిదే, వేరే నీళ్ళు దొరకని చోట 2000 దాకా అనుమతిస్తారు. మా కుళాయి నీళ్ళు మామూలు రోజుల్లో 500కి చాలా కిందే చూపిస్తాయి. అలాంటి నీళ్ళకి ఆర్వో ఎందుకు? 500 లోపు ఉన్నచోట ఆర్వోలు వాడకుండా చూడమని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా చెప్పింది. పైగా ఇంటి మిషన్ ఒక లీటరు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు మురుక్కాలవలోకి వదులుతుంది. కాలువ కట్టేసిన మే నెలలో, కుళాయి రోజు మార్చి రోజు వస్తున్నప్పుడు, ఆ నీళ్ళు పారబోయడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మిషనే కావాలనుకుంటే యూఎఫ్ (సన్న రంధ్రాల పొరతో వడగట్టేది), యూవీ (అతినీలలోహిత కాంతితో క్రిముల్ని చంపేది) ఉన్నది చాలు. అయితే యూవీ దీపం ముందుకు తేట నీళ్ళే వెళ్ళాలి, ఎర్రనీళ్ళ రోజుల్లో దీపానికి ముందుండే ఫిల్టర్‌ని తరచుగా మార్చాలి.

ఇదంతా కాలువ నీళ్ళ ఊళ్ళకే చెబుతున్నాను. మా చెల్లెల్ని కనిగిరి వైపు ఇచ్చాం, అక్కడ లెక్క వేరు. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్. మన దేశంలో ఎముకల్ని, పళ్ళని దెబ్బతీసే ఫ్లోరోసిస్ జబ్బు గురించి 1937లోనే డాక్టర్లు రాశారు, అదీ ఈ ఊళ్ళు అప్పట్లో ఉన్న నెల్లూరు జిల్లా గురించే. నల్గొండ వైపు అయితే చెప్పనక్కర్లేదు. నీళ్ళలో ఫ్లోరైడ్ తీసే పటిక, సున్నం పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు. మిషన్ భగీరథ కింద నది నీళ్ళు వచ్చేదాకా అక్కడ ఎన్ని తరాలు నడుములు వంగిపోయాయో. ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు మంచిది, 1.5 దాటకూడదు. అలాంటి బోరు నీళ్ళని కాచితే ఉపయోగం లేకపోగా నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకాస్త చిక్కబడుతుంది. అక్కడ ఆర్వో తప్పదు. సెప్టిక్ ట్యాంకు పక్కన బోరు ఉంటే నైట్రేట్ కూడా అంతే, కాస్తే పోదు. నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు పాలపొడి కలిపి పట్టే పసిపిల్లలకి చాలా ప్రమాదం. కాబట్టి బాబుకి బోరు నీళ్ళు మాత్రం టెస్టు చేయించకుండా పట్టొద్దు.

టిన్నుల గురించి ఎక్కువ చెప్పను. పదికో ఇరవైకో ఇంటికి తెచ్చి వేస్తారు, సౌకర్యమే. మా దగ్గర్లో ఉన్న ఒక ప్లాంటుకి ఓసారి నేనే వెళ్ళి చూశాను. మిషన్ మెరుస్తోంది, టిన్నులు మాత్రం ఒకే తొట్టిలో ముంచి తీసి నింపేస్తున్నారు. ఆర్వో నీళ్ళలో క్లోరిన్ మిగలదు కదా, టిన్ను గోడకి నాచు పడితే ఆపేది ఏదీ ఉండదు. ఎండలో ఆటోలో తిరిగి వస్తాయి. తెప్పించుకోవాల్సి వస్తే ప్లాంటుకి మీరే ఒకసారి వెళ్ళి టిన్నులు కడిగే చోటు చూడండి. మీ సొంత టిన్నులు రెండు కొని పేరు రాసి ఇవ్వడం ఇంకా మంచిది.

మా ఇంట్లో చేసేది చెబుతాను. పొద్దున కుళాయి రాగానే మొదటి రెండు మూడు బకెట్లు మొక్కలకి, వాకిలి కడగడానికి. తర్వాతి నీళ్ళు తాగడానికి స్టీలు బిందెల్లో విడిగా పడతాం, సంపు నీళ్ళు తాగడానికి వాడం. వడగట్టి, బాగా తెర్లాక ఇంకో నిమిషం ఉంచి, మూతపెట్టి చల్లారుస్తాం. కాచిన గిన్నెలోనే ఉంచుతాం, వేరే దాంట్లోకి పొయ్యం. గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది సున్నం, భయపడాల్సింది కాదు. గ్లాసు ముంచకుండా కాడ ఉన్న గరిటెతో తీయడం, లేదా కుళాయి ఉన్న డ్రమ్ము వాడటం చాలా ముఖ్యం. కాచిన నీళ్ళలో చెయ్యి పెడితే కాచిన ఫలితం అక్కడితో సరి. సంపు ఎండాకాలం చివర ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి కడిగిస్తాం. కడిగి నింపాక వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల చొప్పున బ్లీచింగ్ పౌడర్ విడిగా నీళ్ళలో కలిపి, తేరిన నీరు మాత్రమే పోసి గంట ఆగుతాం. మూత తీసి పెట్టిన పాత ప్యాకెట్‌లో పస ఉండదు, కొత్తది కొనండి. వరద వచ్చి గ్యాస్ కూడా లేని రోజుల్లో ఆశా కార్యకర్త ఇచ్చే క్లోరిన్ బిళ్ళలు వాడతాం, ఎన్ని లీటర్లకి ఎన్ని వేయాలో కవరు మీద చూసి.

బాబుకి ఆరు నెలలు నిండకపోతే తల్లిపాలు తప్ప నీళ్ళే అక్కర్లేదు, ఎండాకాలమైనా సరే. ఇక్కడి పెద్దవాళ్ళు "గొంతు తడుపు" అంటారు, వినకండి.

అనుమానం ఉంటే హెచ్‌2ఎస్ సీసా తెచ్చుకోండి. నీళ్ళు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం నుంచి వచ్చే క్రిములు ఉన్నప్పుడు నల్లగా మారుతుంది. నల్లబడితే కాచకుండా ఎవరూ తాగొద్దు, సీసా పట్టుకుని ఆఫీసుకి వెళ్ళండి. ఉత్త కాగితం అర్జీ కంటే నల్ల సీసాకి త్వరగా కదులుతారు. పూర్తి పరీక్షకి జిల్లా కేంద్రంలో ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబ్ ఉంటుంది, తక్కువ ఫీజుకే చేస్తారు. క్రిముల పరీక్షకి సీసా వాళ్ళ దగ్గరే తీసుకోండి, ఇంట్లో కడిగిన కూల్‌డ్రింక్ సీసాలో పట్టుకెళ్తే ఆ రిపోర్టుకి విలువ లేదు.

ఇల్లు చూసుకోవడానికి వచ్చినప్పుడు గదులు తర్వాత చూడండి. ముందు వీధిలోంచి కుళాయి పైపు ఎటు నుంచి వస్తోందో, కాలవలో మునిగి ఉందా అని చూడండి. సంపు మూత నేల కంటే ఎత్తుగా ఉందా, సెప్టిక్ ట్యాంకు సంపుకి ఎంత దూరంలో ఉంది, వాన పడితే వాకిట్లో నీళ్ళు నిలుస్తాయా అని పక్కింటివాళ్ళని అడగండి, ఓనర్ని కాదు. ఏ ఊరో, ఏ వార్డులో చూస్తున్నారో ఇక్కడే రాయండి. మా వైపు వాళ్ళెవరైనా ఉంటే ఆ లైన్లో సప్లై ఎలా ఉందో కనుక్కుని చెబుతాను.