ప్రాథమిక అమీన్, క్షార అమీన్ ఒకటేనా?

సందేహం: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, తెలుగు మీడియం. ఆన్‌లైన్‌లో దొరికిన నోట్స్‌లో ఒక ప్రశ్న ఇలా ఉంది: "బెంజీన్ వలయం గల ఏ అనే సమ్మేళనం ఫార్ములా సి7హెచ్9ఎన్. అది ప్రాథమికం. అజో రంగు పరీక్షను ఇవ్వదు. ఏ ను గుర్తించండి." ఇంకో పేజీలో "అమీన్లన్నీ ప్రాథమికం" అని ఉంది. రెండుచోట్లా అర్థం ఒకటేనా? "పరీక్షను ఇవ్వడం" తెలుగేనా?

సమాధానం: ఒకటి కాదండీ, పైగా ఈ ఒక్క మాట వల్ల మీ అమ్మాయి రాసే ఆన్సరే మారిపోతుంది. ప్రశ్నలో ప్రాథమికం అంటే ప్రైమరీ అమీన్ (అమీన్లంటే అమోనియా నుంచి వచ్చే నైట్రోజన్ సమ్మేళనాలు, ప్రైమరీ అంటే ఏమిటో కింద చెప్తాను), "అమీన్లన్నీ ప్రాథమికం" అన్నచోట మాత్రం ఉండాల్సిన మాట క్షారం. ఇంగ్లీషులో బేసిక్ అంటే మొదటి పాఠం లాంటిదీ అవుతుంది, ఆమ్లానికి ఎదురుగా ఉండే బేస్ గుణమూ అవుతుంది, మెషీన్‌తో ట్రాన్స్‌లేట్ చేసినప్పుడు అది మొదటి అర్థాన్నే పట్టుకుని ప్రాథమికం అని పెట్టేస్తుంది, ఎవరూ సరిచూడకుండా అలాగే అప్‌లోడ్ చేసేస్తున్నారు. పదో తరగతిలోనే ఆమ్లాలు, క్షారాలు, లవణాలు చదువుకున్న పిల్లలకి ఇది చేయడం అన్యాయం.

ఇక మీ ప్రశ్నకొద్దాం. ఆ ఫార్ములాతో బెంజీన్ వలయం ఉన్న అమీన్లు ఐదున్నాయి: బెంజైల్ అమీన్, మూడు టోలుడీన్లు, ఎన్-మిథైల్ అనిలీన్. టోలుడీన్లని 0 నుంచి 5 డిగ్రీల చల్లదనంలో సోడియం నైట్రైట్, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కలిపి (దీన్నే డయజోటైజ్ చేయడం అంటారు), ఆ ద్రావణాన్ని క్షారంలో కరిగించిన బీటా నాఫ్తాల్‌లో పోస్తే నారింజ-ఎరుపు రంగొస్తుంది, అజో రంగు పరీక్ష అంటే ఇదే, కాబట్టి ఆ మూడూ పోయాయి. మిగిలింది రెండు. ప్రాథమికం అంటే ప్రైమరీ అనుకుంటే జవాబు బెంజైల్ అమీన్ ఒక్కటే, ఎందుకంటే ఎన్-మిథైల్ అనిలీన్ సెకండరీ. క్షారం అనుకుంటే మాత్రం రెండూ క్షారాలే, ఇక తేలదు! తేలాలంటే ఇంకో పరీక్ష కావాలి, క్లోరోఫాం, ఆల్కహాలిక్ పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి వేడిచేస్తే బెంజైల్ అమీన్ ముక్కు బద్దలయ్యే కంపు కొడుతుంది (అది ఐసోసయనైడ్, గాలి బాగా ఆడేచోటే చేయాలి), రెండోది కొట్టదు. నైట్రస్ ఆమ్లంతో (సోడియం నైట్రైట్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిస్తే వచ్చేదే) చూసినా సరే, మొదటిదాంట్లో నైట్రోజన్ బుడగలొస్తాయి, రెండోదాంట్లో పసుపుపచ్చని నూనెలాంటి పదార్థం తేలుతుంది.

మరి ప్రైమరీని ప్రాథమిక అనడం తప్పా అంటే, తప్పనను గానీ వద్దంటాను. ప్రాథమిక పాఠశాలలో ఆ మాటకి మొదటి మెట్టు అని అర్థం, ప్రాథమిక హక్కుల్లో మౌలికం అని అర్థం, అప్పటికే రెండర్థాలు మోస్తున్న మాట అది. అమీన్ల విషయంలో లెక్కపెట్టేది అమోనియాలోని హైడ్రోజన్లు ఎన్ని పోయి వాటి చోట కార్బన్ గుంపులొచ్చాయనేది, ఒకటి పోతే ప్రైమరీ, రెండు పోతే సెకండరీ, మూడూ పోతే టెర్షియరీ. క్లాసులో లెక్చరర్లూ పిల్లలూ అనేవి ఈ మాటలే, వాటినే తెలుగు లిపిలో రాస్తే ఏ గొడవా లేదు. అమీన్, ఎమీన్ రెండూ వాడుకలో ఉన్నాయి, ఏదైనా ఒకదాన్నే పట్టుకోండి చాలు.

పరీక్షను ఇవ్వడం మాత్రం నాకు నచ్చదు. ఆవు పాలిచ్చినట్టు అనిలీన్ బ్రోమిన్ నీటితో తెల్లటి అవక్షేపం ఇస్తుంది అంటే బానే ఉంది, దాన్నుంచి వచ్చేదే కదా. పరీక్ష పెట్టేది మనం, పదార్థం దాన్ని ఎలా ఇస్తుంది? పుస్తకాల్లో బాగా పాతుకుపోయింది కాబట్టి అలా రాస్తే మార్కులేం పోవు, కానీ కళ్ళకి కనిపించింది రాస్తే తెలుగూ బాగుంటుంది, కెమిస్ట్రీ కూడా గుర్తుంటుంది. మీ అమ్మాయి నోట్స్‌లో ఆ ప్రశ్నని ఇలా మార్చుకోమనండి: "బెంజీన్ వలయం ఉన్న ఏ అనే సమ్మేళనం ఫార్ములా సి7హెచ్9ఎన్. అది ఒక ప్రైమరీ అమీన్. దాన్ని చల్లగా డయజోటైజ్ చేసి బీటా నాఫ్తాల్ కలిపినా ఎర్రరంగు రాలేదు. ఏ ఏది?"