విదేశీ సాయం తగ్గిపోతుంటే ఆ కోర్సు చదవాలా?

ప్రశ్న: డిగ్రీలో ఎకనామిక్స్ ఆఖరి ఏడాది చదువుతున్నాను. బ్రిటన్‌లో డెవలప్‌మెంట్ స్టడీస్ మాస్టర్స్ చేసి, పేద దేశాలకు సాయం అందించే రంగంలో పనిచేయాలని కోరిక. అక్కడి ప్రభుత్వం విదేశీ సాయానికి కోత పెడుతోందని విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. జాతీయాదాయంలో 0.7 శాతం ఇవ్వాలని చట్టం ఉందంటారు. మళ్లీ పెంచుతారా?

జవాబు: పెంచుతారన్న ఆశతో మాత్రం ఫీజు కట్టకండి.

చట్టం ఉన్నమాట నిజమే. 0.7 శాతం లక్ష్యాన్ని ఐక్యరాజ్యసమితి 1970లోనే పెట్టింది. బ్రిటన్ దాన్ని అందుకున్నది 2013లో. విచిత్రమేమిటంటే, డేవిడ్ కామెరాన్ ప్రభుత్వం పొదుపు పేరుతో స్వదేశంలో ఖర్చులు తెగ్గోస్తున్న రోజులవి. 2015లో దానికి చట్టం చేశారు. కానీ ఆ చట్టం చదివితే కిటుకు తెలుస్తుంది. లక్ష్యం తప్పితే మంత్రి ఎందుకు తప్పిందో చెబుతూ పార్లమెంటుకు ఒక ప్రకటన ఇస్తే చాలు. ఆర్థిక పరిస్థితులను కారణంగా చూపే వీలు అందులోనే ఉంది. జవాబుదారీ పార్లమెంటుకే తప్ప కోర్టుకు కాదు.

కోవిడ్ దెబ్బ తగలగానే ఆ తలుపు తెరుచుకుంది. 2020 నవంబరులో అప్పటి ఆర్థిక మంత్రి రిషి సునాక్ 0.5 శాతానికి తగ్గిస్తున్నామని, ఇది తాత్కాలికమేనని ప్రకటించారు. రోజువారీ ఖర్చుకు అప్పు చేయనక్కర్లేని స్థితి వచ్చి, మొత్తం అప్పు తగ్గుముఖం పడితే మళ్లీ పెంచుతామన్నారు. ఆ రోజు రాలేదు. పార్టీ మారింది, ప్రభుత్వం మారింది. 2025 ఫిబ్రవరిలో ప్రధాని కీర్ స్టార్మర్ రక్షణ ఖర్చు కోసం 2027 నాటికి సాయాన్ని 0.3 శాతానికి దించుతామన్నారు. విదేశీ సాయం చూస్తున్న మంత్రి ఆనెలీస్ డాడ్స్ రాజీనామా చేసినా నిర్ణయం మారలేదు.

ఇంకో సంగతి. శాతం చూసి మోసపోకండి. జాతీయాదాయం పడిపోతే లక్ష్యం అలాగే ఉన్నా డబ్బు తగ్గుతుంది. 2020 జులైలో 0.7 శాతం చెక్కుచెదరకుండానే 290 కోట్ల పౌండ్ల వరకు కోతకు సిద్ధమయ్యారు. పైగా 2023లో లెక్క చూపిన 1,530 కోట్ల పౌండ్లలో సుమారు 430 కోట్లు బ్రిటన్‌లోనే, శరణార్థుల కోసం ఖర్చయ్యాయి!

ఇక మీ సంగతి. ఈ సాయాన్ని నడిపే విదేశాంగ శాఖలో, బ్రిటన్‌లో ఉండే ఉద్యోగాలు ఆ దేశ పౌరులకే, కాబట్టి అక్కడ మీరు పోగొట్టుకునేది లేదు. ఆ నిధులపై నడిచే స్వచ్ఛంద సంస్థలు, కన్సల్టెన్సీలు, యూనివర్సిటీ ప్రాజెక్టులలోనే దెబ్బ కనిపిస్తుంది. అమెరికా సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ కూడా 2025 జులైలో మూతపడింది. అక్కడ ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లూ ఇప్పుడు ఉద్యోగాల వేటలో ఉన్నారు. ఫ్రెషర్‌గా, థియరీ మాత్రమే ఉన్న డిగ్రీతో వాళ్లతో పోటీ పడటం కష్టం.

అయితే డబ్బు కరువైనప్పుడే "పెట్టిన ప్రతి పౌండు ఏం సాధించింది?" అని గట్టిగా అడుగుతారు. దానికి జవాబు చెప్పగలిగేది సర్వేలు, గణాంకాలు, ఇంపాక్ట్ ఎవాల్యుయేషన్ (ఒక పథకం వల్ల నిజంగా ఎంత మార్పు వచ్చిందో కొలవడం) తెలిసినవాళ్లు. మీ చేతిలో ఎకనామిక్స్ ఉంది కాబట్టి నా ఓటు అటే. ఈ కోర్సుకు ససెక్స్, లండన్‌లోని ఎస్‌ఓఏఎస్, మాంచెస్టర్ యూనివర్సిటీలు అన్నీ పేరున్నవే. పేరు కన్నా ఎకనోమెట్రిక్స్ పేపర్లు ఎన్ని ఉన్నాయో చూడండి.

నిజం చెప్పాలంటే, వెంటనే వెళ్లొద్దంటాను. జె-పాల్ లాంటి పరిశోధన సంస్థల్లో రెండేళ్లు రీసెర్చ్ అసోసియేట్‌గానో, సర్వే పనిలోనో చేరే ప్రయత్నం చేయండి. చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ల అనుభవం ఎలాగూ కావాలి. అది కూడా చాలావరకు బ్రిటన్ విదేశాంగ శాఖ డబ్బే, దానిమీదే ఆశ పెట్టుకోకండి. 2027 జనవరి నుంచి మాస్టర్స్ తర్వాత అక్కడ ఉండి పని వెతుక్కునే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గుతోంది. అప్పు చేసి వెళ్లేటట్లయితే ఆ 18 నెలల్లో ఎంత తీర్చగలరో ముందే కాగితం మీద లెక్క వేసుకోండి. ఈలోగా గణాంకాలు విశ్లేషించే సాఫ్ట్‌వేర్లు స్టాటా (Stata) లేదా ఆర్ (R) నేర్చుకోవడం మొదలుపెట్టండి, ఆర్ ఉచితమే.