కుటుంబ ప్రార్థన గురించి అమ్మలుకి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

పెద్దమ్మ ఆశీస్సులు. ప్రభువు కృప మీ ఇంటిల్లిపాదికీ తోడుండాలి.

గాజువాక వెళ్ళాక కుటుంబ ప్రార్థన నిలబడటం లేదని రాశావు. అల్లుడుగారికి స్టీలు ప్లాంటులో షిఫ్టులు, పిల్లలు తెలుగు కూడబలుక్కుని చదువుతారు, మీ అత్తగారికి అక్షరాలు రావు. అలాంటి ఇంట్లో రోజూ రాత్రి తొమ్మిదింటికి అందరూ కూర్చోవాలంటే సాగదమ్మా. ముందు ఆ పట్టుదల వదిలెయ్. ‘నీ యింట కూర్చుండునప్పుడును త్రోవను నడుచునప్పుడును’ అంటుంది ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం. ఆయన రాత్రిపూట చేసే సి షిఫ్టు దిగి వస్తే, పిల్లలు బడికి వెళ్ళేలోపు టీ దగ్గర చదవండి. పది నిమిషాలు చాలు.

మార్కు సువార్తతో మొదలుపెట్టు. 16 అధ్యాయాలే. ఆదికాండం నుంచి వరసగా పట్టుకున్నవాళ్ళు చాలామంది లేవీయకాండం దగ్గర ఆగిపోతారు. రోజుకో అధ్యాయం కూడా వద్దు, ఒక్క సంఘటన చదవండి. ఇంటికప్పు విప్పి పక్షవాయువు గలవాణ్ణి దించింది ఒకరోజు, తుపాను అణిగింది ఇంకోరోజు.

మన బైబిలు పాత గ్రాంథికం, పిల్లలు జంకుతారు. నువ్వే గట్టిగా, నిదానంగా ఒకసారి చదివి, తర్వాత పుస్తకం మూసి మన ఇంటి మాటల్లో చెప్పు. నెహెమ్యా ఎనిమిదో అధ్యాయంలో లేవీయులు చేసిందీ అదే, గ్రంథం చదివి జనానికి అర్థం చెప్పారు. మన విశాఖలోనూ ఆ పని ఎప్పుడో జరిగింది. 1805లో లండన్ మిషన్ నుంచి వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ ఇక్కడే తెలుగు నేర్చుకున్నారు. క్రైస్తవుడైన ఆనందరాయరు సాయంతో వాళ్ళు తెలుగులోకి తెచ్చిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. అప్పటికే ఆ దొరలిద్దరూ కన్నుమూశారు. సామాన్యుడి చెవికి వాక్యం అందాలని అంత కష్టపడ్డారు. తప్పు పోతుందేమోనన్న భయంతో నువ్వు నోరు కట్టేసుకోకు.

చెప్పేశాక వెంటనే ప్రసంగంలోకి దిగకు, వాళ్ళని మాట్లాడనివ్వు. జాలరిపేటలో ఆడవాళ్ళ కూడికలో లూకా ఐదో అధ్యాయం చదివాను. రాత్రంతా ప్రయాసపడినా చేప పడలేదు, వలలు కడుగుతున్నారు అనేదాకా వచ్చేసరికి, చేపలమ్మే ఒకామె ‘ఏటమ్మా, వల కడిగేసేక మళ్ళీ ఎయ్యమన్నాడా?’ అంది. ఖాళీ పడవ ఒడ్డుకొస్తే ఇంట్లో ఎలా ఉంటుందో పక్కామె చెప్పింది. పేతురు ‘నీ మాటచొప్పున’ అని వల వేయడం ఎంత పెద్ద సంగతో ఆరోజు వాళ్ళు నాకు నేర్పారు. నేను వివరిస్తూ పోయుంటే ఆ మాటలేవీ బయటికొచ్చేవి కావు.

అత్తగారికి ఫోనులో ఆడియో బైబిలు పెట్టు, కూరలు తరుగుతూ వింటారు. ఆవిడకు నోటికొచ్చిన కీర్తనలు పిల్లలకు ఆవిడ చేతే నేర్పించు. చదువు రాదని ఆవిణ్ణి పక్కన పెట్టెయ్యొద్దు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. పిల్లాడు అల్లరి చేశాడని వచనం అందుకోకు. తిట్లతో కలిపి విన్న వాక్యం మీద పిల్లలకు ప్రేమ పుట్టదు, పెద్దయ్యాక ఆ పుస్తకం ముట్టరు. అలాంటి ఇళ్ళు చూశాను.

కె.జి.హెచ్. ఆసుపత్రిలో ఎవరినైనా చూడబోతే 23వ కీర్తన చదువు, ఆరు వచనాలే. ఈ జబ్బు ఎందుకొచ్చిందో నువ్వు వివరించొద్దు. చెయ్యి పట్టుకుని చిన్న ప్రార్థన చేసి వచ్చెయ్. ఇరుగుపొరుగు అడిగితే సంతోషంగా చెప్పు, అడగనివాళ్ళకు ముందు కూరగిన్నె పంపు.

పిల్లలు అడిగినవాటికి జవాబు తెలియకపోతే కాగితం మీద రాసి ఆదివారం పాస్టరుగారి దగ్గరికి వాళ్ళనే తీసుకెళ్ళు. వచ్చే నెల నేనొచ్చేసరికి మార్కు నాలుగో అధ్యాయం దాకా రండి. తుపాను కథ నేను చదువుతాను, మీ అత్తగారిని పాట సిద్ధం చేసుకోమను.

ప్రేమతో,
పెద్దమ్మ