విరిగిన చోటును తుడవకండి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది విశాఖ మధురవాడ. టీచర్‌గా పనిచేస్తున్నాను. పంతొమ్మిది నెలల క్రితం రూ.28,500 పెట్టి అల్యూమినియం ఫ్రేము సైకిల్ కొనుక్కున్నాను. బడికి దాని మీదే వెళ్తాను, ఆదివారాలు బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వైపు తొక్కుతాను. ఫ్రేముకు అయిదేళ్ల వారంటీ అని కార్డులో ఉంది. నెలన్నర నుంచి ఎత్తు ఎక్కేటప్పుడు హ్యాండిల్ దగ్గర టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చేది. షాపుకి తీసుకెళ్తే బేరింగులకు గ్రీజు పెట్టి పంపారు. కిందటి ఆదివారం తొట్లకొండ దగ్గర పల్లంలో దిగుతుంటే ఫ్రేము కింది గొట్టం, హ్యాండిల్ కింద అతికిన చోట విరిగింది. మోకాలు, అరచెయ్యి చెక్కుకుపోయాయి. షాపువాళ్లు ఫోటోలు కంపెనీకి పంపి, ‘దేనికో గట్టిగా గుద్దడం వల్ల విరిగింది, పైగా క్యారియర్ మీద బరువులు మోశారు, వారంటీ రాదు’ అని ఫోన్లో చెప్పారు. కొత్త సైకిల్ కొంటే 20 శాతం తగ్గిస్తారట. ఫ్రేము వదిలి వెళ్తే కంపెనీకి పంపి చూస్తామని కూడా అంటున్నారు. మా వీధి మెకానిక్ మాత్రం ఆర్గాన్ వెల్డింగ్ చేయిస్తే ఆరు వందల్లో పోతుందంటున్నాడు. నా సైకిల్ దేనికీ గుద్దుకోలేదు. ఏం చేయమంటారు?

— ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: అమ్మా, ఆ రోడ్డు మీద బస్సులు ఎంత వేగంగా వస్తాయో నాకు తెలుసు. మోకాలి దెబ్బతో బయటపడ్డారు, ముందు అది సంతోషం. అరచెయ్యి ఆనించి పడ్డారంటున్నారు కాబట్టి మణికట్టు ఇంకా నొప్పిగా ఉంటే ఎక్స్‌రే తీయించుకోండి. ఆ చీటీ, బిల్లు దాచండి.

ఇక ఫ్రేము. దాన్ని వెల్డింగ్‌కి ఇవ్వకండి. కిరసనాయిలు గుడ్డతో తుడవకండి. ఎలా విరిగిందో చూద్దామని రెండు ముక్కలూ కలిపి నొక్కి చూడటం అసలే వద్దు. విరిగిన ఆ రెండు ముఖాలే మీకున్న పెద్ద సాక్ష్యం.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ముప్పయ్యేళ్లు ఈ ఊరి ఫ్యాబ్రికేషన్ షెడ్లలో వెల్డింగ్ అతుకులు తనిఖీ చేసే పని చేశాను. ఒకసారి బరువులెత్తే కొక్కెం తగిలించే ఇనుప చెవి విరిగి పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నేను వెళ్లేసరికే ఎవరో మళ్లీ అతకడానికి వీలుగా ఉంటుందని విరిగిన చోటంతా గ్రైండర్ పట్టించేశారు. అద్దంలా మెరుస్తోంది. అతుకు సరిగా పడలేదని కొందరు, మోయాల్సినదానికంటే ఎక్కువ బరువెత్తారని కొందరు. నేను ఏదీ తేల్చి చెప్పలేకపోయాను. అతుకు వేసిన కుర్రాడు నా వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది.

మీ దగ్గర ఆ ముఖం ఇంకా చెక్కు చెదరకుండా ఉంది. పొద్దున్నే ఏటవాలు ఎండ పడేచోట పెట్టి చూడండి. ఒక్క దెబ్బకే విరిగిన లోహం అంతా ఒకే తీరుగా, గరుకుగా, తళతళలాడుతూ ఉంటుంది. రోజూ కొంచెం కొంచెంగా బీట పాకి చివరికి విరిగితే ముఖం రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒక పక్క నున్నగా, మసకబారి, నల్లటి మురికి పట్టి ఉంటుంది. ఇసుక మీద అలలు వదిలి వెళ్లిన గీతల్లాంటివి కూడా ఒక్కోసారి కనపడతాయి. మిగిలిన భాగం గరుకుగా కొత్తగా మెరుస్తుంది. నున్నటిది పాత బీట, గరుకుది ఆదివారం నాడు తెగినది. మన ఊరి సముద్రపు గాలి ఇక్కడ మీకు మేలే చేస్తుంది. పాత బీటలోకి ఉప్పు గాలి చేరితే అల్యూమినియం మీద తెల్లటి పొడి పడుతుంది. ఆదివారం విరిగిన చోట అంత తొందరగా రాదు.

అతుకు పక్కనే అలా బీట వచ్చిందంటే కారణం వెతకడం పెద్ద కష్టం కాదు. వెల్డింగ్ వేడికి ఆ పక్క లోహం మెత్తబడుతుంది. అందుకే ఎక్కువగా వాడే 6061 రకం అల్యూమినియం ఫ్రేములను అతికాక మళ్లీ వేడిచేసి, చల్లార్చి, బలం తిరిగి తెప్పిస్తారు. ఆ పని సరిగా జరగకపోయినా, అతుకు అంచున చిన్న గాటు మిగిలినా, ప్రతి గతుకూ అక్కడే లాగుతుంది. ఉక్కుకైతే ఒక హద్దు ఉంది, అంతకు లోపల ఎన్నిసార్లు లాగినా తట్టుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, చిన్న లాగుడైనా లెక్కలేనన్నిసార్లు పడితే ఎప్పటికైనా బీట వస్తుంది. మీ మెకానిక్ మంచి మనసుతోనే చెప్పి ఉంటాడు కానీ, రోడ్డు పక్కన ఆర్గాన్ వెల్డింగ్ చేస్తే తర్వాత ఆ వేడి చికిత్స ఎవరు చేస్తారు? మళ్లీ ఆ పక్కనే విరుగుతుంది. అదే ఉక్కు ఫ్రేమైతే నేనే వెళ్లి అతికించుకోమని చెప్పేవాణ్ణి.

గుద్దుకోవడం అంటున్నారు కదా, దానికి వేరే గుర్తులుంటాయి. ముందు నుంచి గట్టి దెబ్బ తగిలితే కింది గొట్టం అడుగున ఉబ్బు గానీ ముడత గానీ పడుతుంది, అక్కడ పెయింటు పెచ్చులుగా లేస్తుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు వెనక్కి వంగుతుంది, ముందు చక్రం వంకర తిరుగుతుంది. ఈ నాలుగూ చూసి ఫోటోలు తీయండి. ఏవీ లేకపోతే వాళ్ల మాట నిలవడం కష్టం. ఉంటే మాత్రం నాకు దాచకుండా రాయండి, అప్పుడు సలహా వేరుగా ఉంటుంది. క్యారియర్ మాట నాకు అతికినట్టు లేదు. ఆ బరువు వెనక చక్రం వైపు పడుతుంది, దానివల్ల పగిలేవి మామూలుగా వెనక గొట్టాలు. అయినా కార్డులో ఎంత బరువు వరకు అని రాశారో ఒకసారి చదవండి.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది ఆ గ్రీజు పెట్టిన సంగతి. విరగడానికి వారాల ముందే చప్పుడు వస్తోందని మీరు షాపుకి చెప్పారు. ఆ బిల్లు వెతకండి. బిల్లు లేకపోతే డబ్బు కట్టిన ఫోన్ మెసేజీ, వాళ్లతో నడిచిన వాట్సాప్ మాటలు ఏవైనా సరే. గుద్దుకుని ఒక్కసారిగా విరిగే ఫ్రేము నెలన్నర ముందు నుంచి టిక్కుమనదు కదమ్మా.

ఫ్రేము ఊరికే వదిలి రాకండి. పెడల్ ఇరుసు ఉండే డబ్బా అడుగున ఫ్రేము నంబరు చెక్కి ఉంటుంది, బిల్లుతో సహా దాన్ని ఫోటో తీయండి. విరిగిన ముఖాల పక్కన స్కేలు పెట్టి దగ్గరి నుంచి కొన్ని తీసి, ఒక్కో ముఖానికీ శుభ్రమైన ప్లాస్టిక్ కవరు వదులుగా కట్టండి. తప్పక ఇవ్వాల్సి వస్తే, ‘తనిఖీ కోసం తీసుకున్నాం, యజమానికి చెప్పకుండా కోయం, పారేయం’ అని సంతకం, ముద్ర, తేదీతో రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వడానికి వాళ్లు ఒప్పుకోకపోతే ఫ్రేము మీ ఇంట్లోనే ఉంచి, వాళ్ల మనిషినే వచ్చి చూడమనండి.

ఫోన్లో చెప్పిన ‘రాదు’ను లెక్కలోకి తీసుకోకండి. షాపుకీ కంపెనీకీ ఇద్దరికీ ఈమెయిల్ పెట్టి, అదే కాగితం మీద స్పీడ్ పోస్టులో పంపండి. ఫ్రేమును ఎవరు చూశారు, ఏ రోజు చూశారు, ఏం చూసి గుద్దుకుందని తేల్చారు అని అడిగి, రాతపూర్వకంగా జవాబివ్వడానికి పదిహేను రోజులు గడువు పెట్టండి. కొత్త ఫ్రేము, సామాన్లు మార్చి బిగించే కూలీ, లేదా సైకిల్ ధర అని మీకేం కావాలో స్పష్టంగా రాయండి. 20 శాతం తగ్గింపు తీసుకోవాలనుకుంటే, ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అనే కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.

జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, కంపెనీని కదిపి చూస్తారు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు అక్కడికి వెళ్లనక్కర్లేదు. 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న ఊళ్లోనే, అంటే విశాఖలోనే వేయొచ్చు. కొన్న ధర రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్లోనూ వేయొచ్చు. వివాదం మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. చూడగానే తేలని లోపమైతే కమిషన్ ఆ వస్తువును ల్యాబుకి పంపించగలదు. ఆ ఖర్చు ముందు మిమ్మల్ని కట్టమంటారు, అది మనసులో ఉంచుకోండి. ల్యాబుకి వెళ్లినా విరిగిన ముఖం చెడకుండా ఉంటేనే ఏదైనా తేలుతుంది.

ఇంకొక్క మాట. కొత్త ఫ్రేము వచ్చాక పాత ఫోర్కు, హ్యాండిల్ అలాగే ఎక్కించేస్తామంటారు. మీరు పడ్డప్పుడు వాటికీ దెబ్బ తగిలి ఉండొచ్చు. ఫోర్కు పూర్తిగా బయటికి తీయించి, పై చివర నుంచి కింది దాకా వేలితో తడిమి, మంచి వెలుతురులో చూశాకే బిగించమనండి.