గ్రాఫైట్ షేర్లు కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య దీవెనలు. పెర్త్‌లో ఉద్యోగం కుదురుకున్నందుకు, అప్పుడే పొదుపు మొదలుపెట్టినందుకు సంతోషించాను. ఆస్ట్రేలియా ఎక్స్ఛేంజీలో సెంట్ల ధరకు దొరికే చిన్న గ్రాఫైట్ కంపెనీల షేర్లు కొనాలని ఉందనీ, విద్యుత్ వాహనాలు పెరిగేకొద్దీ అవి పదింతలవుతాయని తోటివాళ్ళు అంటున్నారనీ రాశావు. వద్దనడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. సర్వీసంతా ఖనిజాన్వేషణలో గడిపి, ఇటువంటి కంపెనీల కాగితాలు చదవడం అలవాటైన మనిషిని కనుక, ఏమి చూసి కొనాలో, ఎప్పుడు పక్కకు తప్పుకోవాలో నాకు తెలిసినంత చెబుతాను.

మొట్టమొదట గుర్తుంచుకోవలసింది, గ్రాఫైట్ భూమిలో అరుదైన పదార్థం కాదు. మన తూర్పు కనుమల ఖోండలైట్ రాళ్ళలోనే అది మెరుస్తూ కనబడుతుంది. కాబట్టి బోరు వేస్తే ఇన్ని మీటర్ల మందాన ఇంత శాతం కార్బన్ తగిలిందన్న ప్రకటన చూసి షేరు కొనవద్దు. బంగారమైతే తవ్వినవాడు ఆ రోజు ధరకు ఎక్కడైనా అమ్ముకోగలడు. గ్రాఫైట్‌కు అటువంటి బహిరంగ మార్కెట్ ధర లేదు. గుంటూరు యార్డులో మిరపకాయను రంగు, తేమ, రకం చూసి బేరమాడినట్టే, ఇక్కడా ఫ్లేకు, అంటే గ్రాఫైట్ పొలుసు, ఎంత పెద్దది, ఎంత శుద్ధమైనది అన్నది చూసి, కొనేవాడూ అమ్మేవాడూ విడిగా ధర కుదుర్చుకుంటారు. విద్యుత్ వాహనాల బ్యాటరీలో రుణ ధ్రువమైన ఆనోడ్‌కు పనికిరావాలంటే సన్నని ఫ్లేకును గుండ్రటి రేణువులుగా మలచాలి, 99.95 శాతం వరకు శుద్ధి చేయాలి, ఆ క్రమంలో సరుకులో దాదాపు సగం ఆనోడ్‌కు పనికిరాకుండా పోతుంది. ఆ తరువాత బ్యాటరీ తయారీదారు నమూనాలను నెలల తరబడి, ఒక్కొక్కసారి సంవత్సరాల తరబడి పరీక్షించి గాని ఆమోదించడు. ఈ పనిలో ఆరితేరిన చైనా, చమురు శుద్ధిలో మిగిలే బొగ్గులాంటి పెట్రోలియం కోక్ నుంచి కృత్రిమ గ్రాఫైట్‌ను కూడా చవకగా తయారుచేసి సహజ గ్రాఫైట్‌కు పోటీ పెడుతోంది. అందువల్ల కంపెనీకి గని ఉందా అని కాక, దాని పొడిని ఆమోదించిన కొనుగోలుదారు ఉన్నాడా అని అడగడం నేర్చుకో.

ఆస్ట్రేలియా గ్రాఫైట్ కంపెనీ సైరా రిసోర్సెస్ చరిత్రను నువ్వు తప్పక చదవాలి. మొజాంబిక్‌లోని బలామా గని నిజమైనది, పెద్దది, నాణ్యమైనది. ఏటా 3,50,000 టన్నుల సామర్థ్యంతో దానిని కట్టారు. 2016లో ఆ షేరు 6 ఆస్ట్రేలియన్ డాలర్లు దాటింది. ప్రపంచమంతా కలిసి ఏడాదికి సుమారు 10 లక్షల టన్నుల సహజ గ్రాఫైట్ తీస్తున్న కాలంలో ఒక్క గని అంత సరుకును మార్కెట్లోకి తేగలిగితే ధర ఎలా నిలుస్తుంది? 2019 సెప్టెంబరులో ధరలు పడిపోయి ఉత్పత్తిని బాగా తగ్గించుకోవలసి వచ్చింది, 2020 మార్చిలో కోవిడ్ ఆంక్షలతో పని ఆగిపోయింది, అప్పటికి షేరు అర డాలరు కంటే చాలా కిందికి దిగజారింది. అమెరికాలోని విడేలియాలో ఆనోడ్ కర్మాగారం కట్టి, 2021 డిసెంబరులో టెస్లాతో ఒప్పందం చేసుకున్న తరువాత కూడా, నమూనాలు ప్రమాణాలకు తగినట్టు అందలేదంటూ 2025లో టెస్లా నోటీసు ఇచ్చింది. కంపెనీ దానిని అంగీకరించలేదు, గడువులు పొడిగించుకుంటూ వచ్చారు. ఈ లోపల 2024 చివర మొజాంబిక్‌లో చెలరేగిన నిరసనల వల్ల గని దగ్గర పని స్తంభించింది. నిజంగా గని ఉన్న కంపెనీకే ఇన్ని కష్టాలు వస్తే, బోరు రంధ్రాలు తప్ప మరేమీ లేని కంపెనీ సంగతి నువ్వే ఆలోచించు.

కొనుగోలు ఒప్పందం కుదిరిందని ప్రకటన వస్తే దాన్ని పూర్తిగా చదువు. అది ఉత్త అవగాహన పత్రం (ఎంఓయూ) అయితే ఎవరికీ బాధ్యత లేదు. ఎన్ని టన్నులు, ఎన్నేళ్ళు, కనీస ధర ఉందా, కొనేవాడు పెట్టుబడి కూడా పెడుతున్నాడా అన్నవి లేకపోతే అది ఇంకా ఆశ మాత్రమే.

ఇక అన్నిటికంటే ఎక్కువమంది విస్మరించే విషయానికి వస్తాను. ఈ కంపెనీలకు రాబడి లేదు, జీతాలూ బోర్ల ఖర్చూ కొత్త షేర్లు అమ్మి తెచ్చుకుంటాయి. 50 కోట్ల షేర్లున్న కంపెనీ మరో 50 కోట్లు జారీ చేస్తే, ఖనిజం ఒక్క టన్ను కూడా తగ్గకపోయినా అందులో నీ వాటా సగమవుతుంది. అక్కడి నియమాల ప్రకారం అన్వేషణ కంపెనీలు ప్రతి త్రైమాసికానికీ అపెండిక్స్ 5బీ అనే నగదు పట్టిక ఇవ్వాలి. చేతిలోని డబ్బు ఇంకా ఎన్ని త్రైమాసికాలకు సరిపోతుందో దానిలో 8.7 అంశం చెబుతుంది. ఆ సంఖ్య 2 కంటే తక్కువగా ఉంటే త్వరలో షేర్ల జారీ ఉంటుందనుకుని, ఆగు. చాలాసార్లు ట్రేడింగ్ హాల్ట్ ప్రకటించి, అంటే షేరు క్రయవిక్రయాలను కొద్దికాలం ఆపి, మార్కెట్ ధర కంటే తక్కువకు పెద్ద పెట్టుబడిదారులకు కొత్త షేర్లు ఇస్తారు; ఆ తరువాత అదే ధర దగ్గర నీకూ దొరుకుతుంది. గత ఐదేళ్ళలో షేర్ల సంఖ్య ఎన్నింతలు పెరిగిందో, డైరెక్టర్లకు ఆప్షన్లు (ముందే కుదిరిన ధరకు తరువాత షేర్లు కొనే హక్కులు) ఎన్ని ఇచ్చారో, వారు సొంత డబ్బుతో కొన్నవి ఎన్నో కూడా వార్షిక నివేదికలో చూసుకో. నేనైతే ఈ లెక్క చూడకుండా భూగర్భ పటాన్ని తెరవను.

ధర కదలికల గురించి కూడా కొంచెం చెప్పాలి. 10 సెంట్ల లోపు షేరు అక్కడ 0.1 సెంటు మెట్లలో కదులుతుంది. కాబట్టి 1 సెంటు షేరు ఒక్క మెట్టు దిగితే పది శాతం పోయినట్టే, కొనుగోలు ధరకూ అమ్మకం ధరకూ మధ్య తేడాయే నీ లాభాన్ని తినేస్తుంది. ఎప్పుడూ లిమిట్ ఆర్డరే, అంటే ఇంతకు మించి ఇవ్వనని ధర చెప్పే ఆర్డరే, పెట్టు. 2023 అక్టోబరులో చైనా గ్రాఫైట్ ఎగుమతులకు పర్మిట్లు తప్పనిసరి చేస్తున్నట్టు ప్రకటించినప్పుడూ, 2025 జులైలో చైనా ఆనోడ్ పదార్థంపై అమెరికా 93.5 శాతం ప్రాథమిక డంపింగ్ నిరోధక సుంకం (మరీ చవక దిగుమతులను అడ్డుకునే పన్ను) ప్రకటించినప్పుడూ ఎక్కడెక్కడి గ్రాఫైట్ షేర్లనో జనం ఎగబడి కొన్నారు. అటువంటి రోజు కొనే రోజు కాదు. ముందే కొని ఉంటే కొంత అమ్మి, పెట్టిన అసలును వెనక్కి తీసుకోవలసిన రోజు.

హైదరాబాదు నుంచి నీ తమ్ముడు కూడా కలుస్తానన్నాడట. వాడి డబ్బు నీ ఖాతాలో వేసుకోవద్దు. వాడు పంపదలచుకుంటే విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పద్ధతిలో, ఆర్థిక సంవత్సరానికి 2,50,000 అమెరికన్ డాలర్ల పరిమితిలో తన పేరనే పంపుకోవాలి, లాభం రాకపోయినా ఆ షేర్లను ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలులో చూపాలి. ఇక్కడి గ్రాఫైట్ ఇండియా, హెచ్‌ఈజీ షేర్లను వీటితో పోల్చవద్దని కూడా వాడికి చెప్పు. అవి ఉక్కు కొలుములకు ఎలక్ట్రోడ్లు తయారుచేసే కంపెనీలు, గనుల కంపెనీలు కావు.

అప్పు చేసి మాత్రం ఒక్క షేరు కూడా కొనకు. మొత్తం పోయినా ఇంటి అద్దెకూ, అమ్మకు పంపే డబ్బుకూ ఇబ్బంది రానంత మొత్తమే దీనికి కేటాయించు. నువ్వు ఎంచుకున్న రెండు కంపెనీల తాజా త్రైమాసిక నివేదికలు నాకు పంపు, ఆదివారం ఫోనులో ఇద్దరం కలిసి చదువుదాం. అంతవరకు ఏమీ కొనకు.

ఇట్లు,
నీ మేనమామ