‘వి ద పీపుల్’: మేమా, మనమా?

సందేహం: మా అమ్మాయి వక్తృత్వ పోటీ కోసం సూసన్ బి. ఆంథొనీ మహిళా ఓటుహక్కు ప్రసంగాన్ని తెలుగు చేశాను. అమెరికా రాజ్యాంగ పీఠిక మొదట్లో ఉండే ‘వి ద పీపుల్’ అన్న మాట వచ్చిన ప్రతిచోటా ‘ప్రజలమైన మేము’ అని రాశాను. వింటుంటే పోట్లాడుతున్నట్టుంది గాని ఒప్పిస్తున్నట్టు లేదని అమ్మాయి అంటోంది. ‘మనం’ అనవచ్చా?

సమాధానం: తప్పకుండా అనవచ్చు. మీ అమ్మాయి చెవి చాలా చక్కని సంగతి పట్టుకుంది.

ఆడవాళ్లకు ఓటుహక్కు లేని రోజుల్లో, ఆంథొనీ 1872 నవంబరు 5న అమెరికాలోని రాచెస్టర్‌లో ఓటు వేసినందుకు అరెస్టయ్యారు. విచారణకు ముందు రాచెస్టర్ ఉన్న మన్రో కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఊరూరా తిరిగి ఈ ప్రసంగం చేశారు. రేపు తీర్పు చెప్పే జ్యూరీలో కూర్చోబోయేది ఆ ఊళ్ల మగవాళ్లే. వాళ్లను అవతలి పక్షం చేసి మాట్లాడితే పని జరగదు. ‘మిత్రులారా, తోటి పౌరులారా’ అన్న మొదటి పిలుపులోనే ఆ కలుపుగోలుతనం ఉంది. చివరికి ప్రభుత్వ న్యాయవాది విచారణను పక్క కౌంటీకి మార్పించుకోవాల్సి వచ్చింది!

ఇంగ్లీషులో ‘వి’ ఒక్కటే కాబట్టి ఆమె దాని పక్కన విశేషణాలు మారుస్తూ పోయారు. మనకు ఆ పని సర్వనామమే చేసిపెడుతుంది. ఇలా రాసి చూడండి: “ఈ యూనియన్‌ను ఏర్పరచింది ‘తెల్లజాతి మగ పౌరులమైన మేము’ కాదు, ‘మగ పౌరులమైన మేము’ కూడా కాదు. ప్రజలందరం, మనం.” రెండుసార్లు ‘మేము’ అన్నప్పుడూ ఆడవాళ్లు బయటే ఉన్నారు. ‘మనం’ అనేసరికి సభలో ఉన్నవాళ్లంతా ఒక్కటయ్యారు.

అయితే ఆమె అమెరికా రాజ్యాంగ పీఠికను యథాతథంగా చదివిన చోట ‘మేము’ ఉంచండి. మన రాజ్యాంగ పీఠిక తెలుగులోనూ ‘మేము’ అనే ఉంది. అది ప్రజలు చేసే ప్రకటన, ఎదుటివాణ్ణి ఒప్పించే మాట కాదు.

ఇంకో జాగ్రత్త. ‘మేము వేశాం’, ‘మనం వేశాం’ రెంటికీ క్రియ ఒకటే. మామూలుగా సర్వనామం వదిలేస్తుంటాం, ఇక్కడ మాత్రం వదలకండి.

మీ ప్రతిలో ‘నేను చేసిన నేరమట’ అని ఉంది. ‘అట’తో వెటకారం వచ్చేస్తుంది. ఆమె తన మీది అభియోగాన్ని చట్టం భాషలోనే, తొణక్కుండా చెప్పారు. ‘నేరంగా ఆరోపిస్తున్న’ అనండి.

‘మనం’ దగ్గర గొంతు పెంచవద్దని మీ అమ్మాయికి చెప్పండి. దాని ముందు ఒక్క క్షణం ఆగితే చాలు.