సైటోకైన్లు కొలిచే ముందు శాంపిల్ సంగతి చూసుకో

చిరంజీవికి,

హెపటైటిస్ సీ వల్ల వచ్చే క్రయోగ్లోబ్యులినీమిక్ వాస్క్యులైటిస్‌లో (క్రయోగ్లోబ్యులిన్ వల్ల రక్తనాళాలు వాచే జబ్బు) సైటోకైన్లు, అంటే కణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకునే ప్రొటీన్లు, కొలుస్తానంటూ ఏ కిట్ కొనాలని అడిగావు. కిట్ సంగతి తర్వాత. ఈ జబ్బులో రక్తం రెండు చోట్ల మోసం చేస్తుంది. చల్లబడితే అందులోని క్రయోగ్లోబ్యులిన్ (చలికి గడ్డలా మారే యాంటీబాడీ ప్రొటీన్) పేరుకుపోతుంది. రుమటాయిడ్ ఫ్యాక్టర్ (వేరే యాంటీబాడీలకు అతుక్కునే యాంటీబాడీ) ఏమో లేని సైటోకైన్‌ను ఉన్నట్టు చూపిస్తుంది.

సైటోకైన్ల ట్యూబును ఐస్‌లో పెట్టడం చాలామందికి అలవాటు. ఇక్కడ అలా చేస్తే క్రయోగ్లోబ్యులిన్ సెంట్రిఫ్యూజ్‌లో కణాలతోపాటు అడుక్కి పోతుంది, సీరంలో ఎంత వెతికినా దొరకదు. అందుకే రెండు ట్యూబులు విడిగా తియ్యి.

క్రయోగ్లోబ్యులిన్ కోసమైతే సిరంజి, ప్లెయిన్ ట్యూబు ముందే 37 డిగ్రీలకు వెచ్చబెట్టు. కనీసం 10 మి.లీ. రక్తం తీసి, ల్యాబు దాకా అదే వేడిలో చేర్చు. వాటర్ బాత్‌లో గంటసేపు గడ్డకట్టనిచ్చి, 37 డిగ్రీల దగ్గరే తిప్పు. చాలా సెంట్రిఫ్యూజ్‌లకు చల్లబరచడమే వచ్చు, వేడిచెయ్యడం రాదు. అప్పుడు ట్యూబులు పెట్టే బకెట్లనైనా వెచ్చబెట్టుకో. వేరుచేసిన సీరం 4 డిగ్రీల దగ్గర 7 రోజులు ఉంచాలి. క్రయోగ్లోబ్యులిన్‌లో మూడు రకాలున్నాయి; టైప్ 3 అయితే పేరుకోవడానికి రోజులు పడుతుంది కాబట్టి మర్నాడే చూసి నెగటివ్ అని రాసెయ్యకు. అడుగున తెల్లటి మడ్డి కనిపిస్తే కొంత తీసి మళ్లీ 37 డిగ్రీలకు తీసుకురా. కరిగిపోతే క్రయోగ్లోబ్యులిన్. కరగకపోతే ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టించే ప్రొటీన్) అయ్యుండొచ్చు.

సైటోకైన్లకు ఈడీటీఏ ట్యూబు, గది ఉష్ణోగ్రత, గంటలోపు ప్లాస్మా వేరుచెయ్యడం. ఆలస్యమైతే కణాలే ఐఎల్-8 లాంటి సైటోకైన్లు వదులుతూ పోతాయి. 200 మైక్రోలీటర్ల చొప్పున పంచి మైనస్ 80లో పెట్టు. ఒక గొట్టం ఒక్కసారికే. కరిగించాక 37 డిగ్రీలకు తెచ్చి, తేటగా అయ్యేదాకా మెల్లగా కలుపు. మసకగా ఉన్నది పరీక్ష చేసే ప్లేటులోకి వెళ్లకూడదు.

ఇక అసలు చిక్కు. టైప్ 2లో మోనోక్లోనల్ ఐజీఎమ్ (ఒకే కణ సంతతి తయారుచేసే యాంటీబాడీ) ఉంటుంది, ఎక్కువగా కప్పా రకం. దానికి రుమటాయిడ్ ఫ్యాక్టర్ గుణం ఉంటుంది కనుక, సాండ్‌విచ్ ఎలైజాలో (సైటోకైన్‌ను రెండు యాంటీబాడీల మధ్య పట్టి రంగుతో కొలిచే పరీక్ష) కింది యాంటీబాడీని, పై యాంటీబాడీని వాటి ఎఫ్‌సీ భాగం (తోక) దగ్గర పట్టుకుని మధ్యలో వంతెన కడుతుంది. సైటోకైన్ లేకపోయినా రంగు వస్తుంది. ఒకే రోగిలో ఐఎల్-6, టీఎన్‌ఎఫ్, ఐఎల్-1బీటా అన్నీ కట్టగట్టుకుని పెరిగాయంటే సంతోషించకు, ముందు అనుమానించు. శాంపిల్‌ను 2, 4, 8 రెట్లు పలచన చేసి లెక్క సరిచూడు. విలువలు 20 శాతానికి మించి తేడా వస్తే ఆ ఫలితం పనికిరాదు. ప్లేటులోని కొన్ని గుంటల్లో (బావుల్లో) అసలు యాంటీబాడీ బదులు, అది ఏ జంతువు నుంచి తీశారో ఆ జంతువు మామూలు ఐజీజీ యాంటీబాడీ పూసి చూడు. అక్కడా రంగు వచ్చిందంటే అది బూటకమే. ఈ అడ్డుపడే యాంటీబాడీలను ఆపే బ్లాకింగ్ రీఏజెంట్ వాడు, ఎఫ్(ఏబీ)2 యాంటీబాడీలున్న (ఎఫ్‌సీ తోక తీసేసినవి) కిట్ దొరికితే ఇంకా మంచిది. ఇప్పుడు తెలిసిందిగా, కిట్ ఏదో.

సీఎక్స్‌సీఎల్10 అనే సైటోకైన్ పెరిగింది కదా అని వాస్క్యులైటిస్‌కు అంటగట్టకు. గామా ఇంటర్‌ఫెరాన్ అనే మరో సైటోకైన్ తగిలితే కాలేయ కణాలు కూడా దాన్ని వదులుతాయి. పైగా మామూలు ఎలైజా దాని పూర్తి రూపాన్నీ, డీపీపీ4 అనే ఎంజైమ్ కత్తిరించిన రూపాన్నీ వేరుచెయ్యలేదు; కత్తిరించినది పని ఆపే రకం. కాబట్టి క్రయోగ్లోబ్యులిన్ లేని హెపటైటిస్ సీ రోగులు, అది ఉన్నా వాస్క్యులైటిస్ లేనివాళ్లు, రెండూ ఉన్నవాళ్లు అని మూడు గుంపులు పెట్టుకో. ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతింటే పెరిగే ఎంజైమ్), ఫైబ్రోసిస్ (కాలేయంలో మచ్చలు) దశ వాళ్లలో ఇంచుమించు ఒకేలా ఉండాలి. సీ4 (ఈ జబ్బులో తగ్గే కాంప్లిమెంట్ ప్రొటీన్) తప్పక రాసుకో. మందుల పట్టిక కూడా: స్టెరాయిడ్లు చాలా సైటోకైన్లను అణుస్తాయి, బీ కణాలను చంపే మందు రిటుక్సిమాబ్ తర్వాత ఆ కణాలు తగ్గి, వాటిని బతికించే సైటోకైన్ బాఫ్ పెరుగుతుంది.

వైరస్ మందులు మొదలుపెట్టేవాళ్ల దగ్గర ముందోసారి, కోర్సు అయ్యాక ఓసారి, ఆపిన 12 వారాలకు మరోసారి రక్తం తియ్యి. వైరస్ పోయినా క్రయోగ్లోబ్యులిన్ నెలల తరబడి ఉండిపోవచ్చు. ఒక రోగి మూడు శాంపిళ్లూ ఒకే ప్లేటులో, ఒకే లాట్ (తయారీ బ్యాచ్) కిట్‌తో పెట్టు. లేకపోతే లాట్ల తేడానే మందు గుణంలా కనిపిస్తుంది.